ఎస్తేరక్క కొలిచిన నీళ్లు

మా అద్దె ఇంటి పక్క మేడ మీద నీళ్ల ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా ఆ నీళ్లు కింద వరండా రేకుల మీద పడతాయి. ఎండాకాలం తిరుపతిలో పొద్దున ఏడు గంటలకే రేకు కాగి ఉంటుంది. కాగిన రేకు మీద చన్నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. అది తుప్పు వాసన కాదు, మట్టి వాసనా కాదు. ఇత్తడి చెంబు అంచు నాలుకకు తగిలినప్పటి రుచి గాల్లోకి వచ్చినట్టుంటుంది. మొన్న పప్పు తాలింపు వేస్తూ ఉంటే ఆ వాసన కిటికీలోంచి వచ్చింది. గరిటె చేతిలోనే ఉండిపోయింది, తాలింపు మాడింది. ఇరవై నాలుగేళ్ల వయసు నుంచి మూడేళ్లపాటు ప్రతి పొద్దునా ఆ వాసన పీల్చాను. అప్పుడు నా పక్కన ఎస్తేరక్క ఉండేది.

ఎస్తేరక్క ఎవరో చాలామందికి తెలియదు. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. తిరుపతి పొలిమేరలో, కొండ కిందుగా ఉన్న ఒక చిన్న పరిశోధనా క్షేత్రంలో ఆమె వాతావరణ పరిశీలకురాలు. ఉద్యోగం పేరు పెద్దదే గానీ, పని మాత్రం కంచె వేసిన ఒక జానెడు స్థలంలోనే. అందులో వాన కొలిచే గొట్టం, గాలి ఎటు వీస్తుందో చెప్పే బాణం, ఉష్ణమాపకాలు పెట్టిన తెల్ల చెక్క పెట్టె ఉండేవి. వాటన్నిటి మధ్యా చెక్క చట్రం మీద నాలుగడుగుల వెడల్పున్న రేకు పళ్లెం, దానినిండా నీళ్లు, పైన ఇనుప వల. నిన్నటి నుంచి ఈ పొద్దు దాకా ఆ పళ్లెంలో నీళ్లు ఎంత తగ్గాయో కొలవడమే మా అసలు పని. నీళ్లలో నిలబెట్టిన సూది మొన ఒకటి ఉండేది. నీటిమట్టం దాని కిందికి దిగి ఉంటుంది కదా, కొలజాడీతో కొంచెం కొంచెంగా పోస్తూ, నీళ్లు మళ్లీ సూది మొనను తాకగానే ఆపాలి. పోసింది ఎంతో, ఎండా గాలీ కలిసి పట్టుకుపోయింది అంత. దాన్ని పైరు వయసును బట్టి ఒక లెక్కతో హెచ్చవేస్తే, చేలో పైరు ఎంత నీటిని ఆవిరిగా వదిలిందో అంచనా తేలుతుంది. బోర్లు అడుగంటే మా సీమలో ఏ రైతు ఎన్ని గంటలు తడి ఇవ్వాలో ఆ అంచనా మీదే చెప్పేవాళ్లం.

నేను నగరి నుంచి వచ్చాను. నాయన మరమగ్గాలు నడిపేవాడు. వ్యవసాయం గురించి నాకు తెలిసిందల్లా డిగ్రీ పుస్తకాల్లోదే. కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది కదా అని చేరాను. మొదటి రోజు నేను జాడీ ఎత్తి గబగబా పోస్తుంటే ఎస్తేరక్క నా మణికట్టు పట్టుకుంది. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న మనిషి. అప్పటికి యాభై ఆరేళ్లు. చేతులు మాత్రం చల్లగా ఉండేవి.

"నిదానంగా పోయి పాపా. ఇది బిందె నింపే పని కాదు."

"కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుందక్కా?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "సేనుకి సెమట పడతాది. ఎంత సెమట కారిందో అంతే నీళ్లు మళ్లా ఇయ్యాల. ఎక్కువ సెప్తే బోరు సస్తాది, తక్కువ సెప్తే సేను సస్తాది. ఆ మద్దెలో మనం ఉండేది," అంది. తర్వాత ఎంతోమంది పెద్ద చదువుల వాళ్లు ఇదే విషయాన్ని తెర మీద బొమ్మలు వేసి చెప్పగా విన్నాను. నాకు అర్థమైంది మాత్రం ఆ రోజు ఆ కంచె లోపలే.

పళ్లేనికి ఇరవై అడుగుల దూరంలో, కంచె బయట, ఒక సిమెంటు తొట్టి ఉండేది. ఎస్తేరక్క రోజూ పళ్లెం కొలవకముందే ఆ తొట్టిలో రెండు బిందెల నీళ్లు పోసేది. ఆఫీసు పనుల్లో అది లేదు. కొండ మీంచి కోతులు దిగి వచ్చేవి, కుక్కలు, కాకులు, గోరింకలు వచ్చేవి. వాటికి ఆ తొట్టి లేకపోతే వల ఎత్తి మరీ పళ్లెంలో నీళ్లు తాగుతాయి. "వాటి దప్పిక ఎండ లెక్కలో కలిసిపోతాది పాపా," అనేది. మొదట్లో నేను అది లెక్క కోసమే అనుకున్నాను. కానీ కుంటి కోతి ఒకటి ఆలస్యంగా వస్తే దానికోసం ఇంకో చెంబు పోసి, అది తాగేదాకా నిలబడి చూసేది.

ఆమెకు ఎవరూ లేరు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త జ్వరంతో పోయాడట. పిల్లలు లేరు. సముద్రం వైపు తడ అనే ఊళ్లో ఒక చెల్లెలు, ఆ చెల్లెలి కూతురు మేరీ ఉండేవాళ్లు. ఎస్తేరక్క క్షేత్రంలోనే ఒక గది క్వార్టర్సులో ఉండేది. ఆదివారం కూడా పళ్లెం కొలిచాకే చర్చికి పోయేది గనక ఎప్పుడూ ప్రార్థన మధ్యలోనే చేరేది, వెనక వరసలో కూర్చునేది. ఆమె పక్క క్వార్టర్సే నాకిచ్చారు. చుట్టూ చెట్లు, చేలు, సాయంత్రం ఆరయితే మనిషి అలికిడి ఉండదు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని నేను. ఆ చప్పుడు ఆగితే కరెంటు పోయిందనో, ఎవరికో ఏదో అయిందనో అనుకుని ఉలిక్కిపడి లేచే ఇల్లు మాది. ఈ నిశ్శబ్దం నన్ను తినేసేది. ఒకసారి ఆమెతో అన్నాను, "నీకు భయం వేయదా అక్కా, ఇట్లా ఒంటరిగా?" అని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూనే, "అలవాటయింది అని సెప్తే అబద్దం అవుతాది," అంది.

నేను చేరిన రెండో ఏడు మార్చి నెలలో తడలో ఆమె చెల్లెలు చనిపోయింది. పొద్దున ఫోను వచ్చేసరికి మేమిద్దరం కంచె లోపలే ఉన్నాం. ఫోను పెట్టేసి, జాడీలో మిగిలిన నీళ్లు సూది మొన దాకా పోసి, అంకె రాసి, కలం నా చేతికిచ్చింది. "నాలుగు దినాలు, పాపా. నేను వచ్చేదాకా నువ్వే సూడాల. తొట్టి మరిచిపోవద్దు." అన్నేళ్ల ఉద్యోగంలో ఆమె వరసగా నాలుగు రోజులు లేకపోవడం అదే మొదటిసారి అని తర్వాత తెలిసింది.

మొదటి రోజు చక్కగా కొలిచాను. ఆ సాయంత్రం పక్క గదిలో దీపం లేదు. ఎస్తేరక్క మాట్లాడే మనిషి కాకపోయినా గిన్నె చప్పుడో, దగ్గో వినిపించేది. అది కూడా లేకపోయేసరికి ఆ గదిలో ఉండలేకపోయాను. మరునాడు పొద్దున కంచె వైపు తిరిగి కూడా చూడకుండా నగరి బస్సెక్కాను. ఒక్క రోజే అనుకున్నాను. ఇంట్లో మగ్గాల చప్పుడు మధ్య పడుకుంటే పగలంతా నిద్రపోయాను. అమ్మ లేపలేదు. రెండు రోజులు ఉండిపోయి, మూడో రోజు సాయంత్రానికి తిరిగి వచ్చాను. వల ఒక పక్క వంగిపోయి ఉంది. పళ్లెంలో నీళ్లు బాగా దిగిపోయాయి. భయంతో కొలవకుండానే బిందెతో సూది మొన దాకా నింపేశాను. పుస్తకం తెరిచి, ముందు వారం అంకెలు చూసి, వాటికి కాస్త అటూ ఇటూగా మూడు రోజులకూ మూడు అంకెలు రాశాను. ఆ అంకెల మీదే లెక్క కట్టి, 'తడికి ఇంకా రెండు రోజులు ఆగవచ్చు' అని రైతుల ఫోన్లకు సందేశం పంపాను. నేను నగరిలో పడుకున్న ఆ రోజుల్లోనే తిరుపతి మీద పడమటి వేడిగాలి వీచిందని నాకు తెలియదు.

మర్నాడు ఎస్తేరక్క వచ్చింది. చీర మార్చుకోకుండానే, సంచీ గుమ్మంలో పెట్టి నేరుగా కంచె దగ్గరికి పోయింది. పుస్తకం చూడలేదు. తొట్టి దగ్గర నిలబడింది. తొట్టి సంగతి నాకు గుర్తే లేదు.

"ఎన్ని దినాలు రాలేదు పాపా?"

"వచ్చాను అక్కా…"

"పాచి ఎండి పెచ్చులు లేసిండాది సూడు. ఒక్క దినానికి ఇట్లా ఎండదు." గొంతు పెంచలేదు. "ఎన్ని దినాలు?"

"మూడు."

ఆమె తొట్టి అంచున కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. చెల్లెల్ని పాతిపెట్టి వచ్చిన మనిషి. నేను కారణాలు చెప్పబోయాను, మగ్గాల చప్పుడనీ, భయమనీ. ఆమె చెయ్యెత్తి ఆపింది. "అది నాకు తెలుసు. నీకంటే ముందు నుంచి తెలుసు. ఎవరికి ఏం సెప్పినావో అది సెప్పు." పంపిన సందేశం చూపించాను. చదివి, వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. "కార్వేటినగరం మునిరత్నం సెనక్కాయ సేను ఇప్పుడు ఊడలు దించతా ఉండాది. పద."

పుత్తూరులో బస్సు మారి కార్వేటినగరం పోయాం. దారి పొడుగునా ఆమె నా వైపు తిరగలేదు. కోపంగా ఉందేమో అనుకున్నాను. పక్కకి చూస్తే కిటికీలోంచి బయటికి చూస్తూ పెదాలు కదుపుతోంది, చెల్లెలి కోసం ప్రార్థన చేసుకుంటోంది. ఆమె దుఃఖపడాల్సిన రోజును నేను వాడేసుకున్నానని అప్పుడు తెలిసింది.

మునిరత్నం చేను పాత కోట గోడలు దాటాక మెట్ట మీద ఉంది. ఎకరన్నర వేరుశెనగ, సగం ఎండిన బోరు. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎస్తేరక్క చేలోకి దిగి ఒక మొక్కను పక్కకి వంచి నన్ను రమ్మంది. పూత రాలిన చోట నుంచి సన్నని ఊడలు నేలవైపు దిగి ఉన్నాయి. నేల గట్టిపడి పోయింది. ఊడలు లోపలికి దూరలేక, మట్టికి అంగుళం పైనే కొసలు నల్లబడి ఆగిపోయాయి. నేలలోకి దిగితేనే కాయ. నేను పుస్తకంలో చదివిన వాక్యం అది.

"సెప్పు," అంది ఎస్తేరక్క నాతో. తను మాత్రం రెండడుగులు వెనక్కి జరిగింది.

చెప్పాను. నేను ఊరికి పోయాననీ, కొలవకుండా రాశాననీ, ఆగమని పంపింది తప్పు లెక్క అనీ. మునిరత్నం మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"మొన్నట్నుంచీ మద్దేనానికే ఆకు ముడుసుకుంటా ఉండె. మా ఆడమనిషి గూడా తడి పెట్టమనె. నా కండ్లకీ అగుపడతా ఉండాది. అయినా మీ కబురు కోసరం సూస్తా ఉంటి, మీరు లెక్క తెల్సినోళ్లు, నిన్న మాపు ఆగమని సెప్పినారు గదా అని ఆగినాను," అన్నాడు. ఎండిన ఊడ ఒకటి తుంచి, "నా సేను నాకు సెప్తా ఉంటే, నేను మీ మాట యినినాను తల్లీ," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మోటరు వేయడానికి పోయి, తిరిగొచ్చి, "మా నెంబరు తీసేయండమ్మా. నా కండ్లు నాకు సాలు," అన్నాడు. ఎస్తేరక్క తల ఊపింది, బతిమాలలేదు. మేం బయల్దేరుతుంటే ఆయనే వెనక నుంచి పిలిచి, "ఎండన పడి వచ్చినారు, నీళ్లు తాగిపోండి," అని చెంబు అందించాడు. మొదటి ఊడలు పోగా తర్వాత దిగినవి కొంత కాయ పట్టాయనీ, పంట మాత్రం తగ్గిందనీ ఆ సీజను చివర్లో తెలిసింది.

తిరిగి వచ్చాక ఎస్తేరక్క పుస్తకం తెరిచి, నేను రాసిన మూడు అంకెల మీదా ఎర్ర సిరాతో గీత కొట్టించి, పక్కన నా చేతే 'చూడలేదు' అని రాయించింది. కింద సంతకం తను పెట్టింది. అప్పటిదాకా ఆమె చేతి కింద ఆ పుస్తకాల్లో ఒక్క ఖాళీ కూడా లేదు. మా ఆఫీసరు చెడ్డవాడు కాదు, పని జరగాలనుకునే మనిషి. "ముందూ వెనకా రోజుల సగటు వేసి నింపేయండమ్మా, ఎవరడుగుతారు?" అన్నాడు. ఎస్తేరక్క నిలబడే, "సగటు అయితే మీరు రాయండి సార్. నా సంతకం కింద వద్దు," అంది. పరిశీలనలో లోపానికి బాధ్యురాలిగా ఆమెకే మెమో వచ్చింది, నాకు కాదు. నేను పోయి నిజం చెప్పేస్తానంటే, "అప్పజెప్పి పోయింది నేను. తప్పు ఆడ మొదలయింది," అంది. ఆ తర్వాత ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మాత్రం రోజూ సాయంత్రం గోడ మీద రెండుసార్లు తట్టి, "అన్నం తిన్నావా పాపా?" అని అడగడం మొదలుపెట్టింది. అంతకు ముందు అలా అడిగేది కాదు.

మరుసటి ఏడు ఆమె రిటైరయి తడ వెళ్లిపోయింది, మేరీ వాళ్లింటికి. వెళ్లిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది. "ఎంత పాపా?" అంది. మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ రోజు పళ్లెం అంకె చెప్పాను. "ఊఁ. గాలి తిరిగినట్టుండాది," అని పెట్టేసింది. అలా రోజూ. కుశల ప్రశ్నలు లేవు, కబుర్లు లేవు. ఒక అంకె, ఒక మాట. దాదాపు ఏడాది పాటు ఆ ఫోను కోసం నేను ఎదురుచూశానని అది ఆగాక గానీ తెలియలేదు.

ఆగింది నా వల్లే. మా క్షేత్రంలో స్వయంగా కొలిచే యంత్రం పెట్టారు. ఎండ, గాలి, తేమ అన్నీ అదే పట్టుకుని అదే లెక్క కడుతుంది. పాత పళ్లెం అడుగున చిల్లి పడి ఉంది, దాన్ని తీసేశారు. మరునాడు తొమ్మిదింటికి ఆమె "ఎంత పాపా?" అని అడిగింది. యంత్రం చూపించే అంకె ఒకటి చెప్పి ఉండవచ్చు. ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు, ఆమె తడలో కూర్చుని ఎలా చూస్తుంది? కానీ నోరు రాలేదు. "పళ్లెం తీసేసినారక్కా," అన్నాను. అవతల లారీల హారన్లు వినిపించాయి కాసేపు. "సరే పాపా," అని పెట్టేసింది. మళ్లీ ఫోను రాలేదు. నేను చేస్తే మేరీ ఎత్తి, "పెద్దమ్మ పడుకోనుంది" అనేది.

నాలుగు నెలల తర్వాత తడకు వెళ్లాను. హైవేకి ఆనుకున్న సందులో చిన్న ఇల్లు. ఎస్తేరక్క అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. చీరలు తీగ మీద తడితడిగానే వేలాడుతున్నాయి. "ఈడ గాలంతా సముద్రం తేమే. గుడ్డలు గూడా ఆరవు పాపా," అంది. చాలాసేపు ఏవో మాట్లాడుకున్నాం. లేవబోతూ ఉంటే నేనే ఉండబట్టలేక అడిగాను, ఫోను ఎందుకు మానేశావని.

"అడిగేదానికి ఏముండాది ఇంక?" అంది. తర్వాత నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "ఆ దినం నువ్వు అబద్దం సెప్పింటే బాగుండునే అనుకున్నాను పాపా. ఏదో ఒకటి సెప్పుంటే రేపు మళ్లా అడుగుదును గదా అని. మాపటికి సిగ్గయింది నాకు."

బస్సు దాకా మేరీ వచ్చింది. ఎస్తేరక్క అరుగు మీదే ఉండిపోయింది. అదే చివరిసారి. ఆమె పోయిన సంగతి మూడు వారాలకు తెలిసింది. మేరీ దగ్గర నా నెంబరు లేదు, పెద్దమ్మ పాత ఫోను చార్జింగ్ పెట్టి వెతికితే దొరికిందట. ఆ వార్త విని, ఎవరికి చెప్పుకోవాలో తోచక, ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. క్షేత్రంలో అప్పటికి ఆమెను ఎరిగిన మనిషి నేనొక్కదాన్నే.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తారు. అంకెలు క్షణంలో ఫోనులోకి వస్తాయి, చాలావరకు సరిగ్గానే వస్తాయి. యంత్రాల మీద నాకు కోపం లేదు. అయితే, సందేశం పంపే ముందు ప్రతిసారీ నేను కొందరు రైతులకు ఫోను చేసి, మధ్యాహ్నం ఆకు ఎలా ఉందో అడుగుతాను. లెక్క వచ్చాక మళ్లీ అడగడం ఎందుకని మా వాళ్లు నవ్వుతారు. సగం రోజులు వాళ్లదే నిజం, ఆకూ లెక్కా ఒకే మాట చెబుతాయి. మిగతా రోజుల కోసమే నేను అడుగుతాను.

నిన్న వెదురుకుప్పం వైపు నుంచి టమాటా వేసిన ఒకామె ఫోను చేసింది. "మేడం, మీరు వద్దంటిరి. సేను సూస్తే వాడినట్టుండాది. నీళ్లు పెట్టాల్నా, వద్దా?"

యంత్రం అంకె నా ముందే తెర మీద ఉంది. దాని ప్రకారం వద్దు. వేరు జబ్బుకైనా మొక్క వాడుతుంది, ఇసుక నేలయినా వాడుతుంది. ఇక్కడ కూర్చుంటే ఏదీ తేలదు.

"నేను మీ చేను చూడలేదక్కా. చూడకుండా ఏం చెప్పినా తప్పే. మీ కంటికి ఎండినట్టుంటే ఈ పూటకి తడి ఇవ్వండి, నేను వస్తున్నాను," అని చెప్పి, చెప్పులు వేసుకుని బస్టాండుకు బయల్దేరాను.